‘మీ డబ్బు వెనక్కి తీసుకోండి’ అన్నప్పుడు

ఆరేళ్ల తేడాతో ఇద్దరు వ్యవస్థాపకులు తమ పెట్టుబడిదారుల దగ్గర ఇంచుమించు ఒకే మాట అన్నారు. మనం మొదలుపెట్టిన పని సాగేలా లేదు, కావాలంటే మీ డబ్బు వెనక్కి తీసుకోండి అని.

మొదటివారు ఎవాన్ విలియమ్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన నడిపిన ఒడియో పాడ్‌కాస్ట్‌ల కంపెనీ. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లోనే పాడ్‌కాస్ట్‌లను చేర్చేసరికి ఒడియోకు చేయడానికి పెద్దగా పని మిగల్లేదు. ఉద్యోగులు చిన్న బృందాలుగా విడిపోయి కొత్త ఆలోచనలు వెతికారు. వాటిలో ఒకటి పొట్టి సందేశాల సేవగా 2006 జూలైలో జనం ముందుకు వచ్చింది. దాని పేరు ట్విట్టర్. అప్పట్లో దాన్ని వాడినవారు కొద్ది వేల మంది. ఆ ఏడాదే విలియమ్స్ పెట్టుబడిదారులకు ఉత్తరం రాసి, వారి వాటాలన్నీ తానే కొంటానన్నారు. వారు అమ్మేశారు. ఏడేళ్ల తర్వాత, 2013 నవంబరులో, ట్విట్టర్ న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో నమోదైంది. ఉత్తరం అందినరోజు ధరకు ఆ వాటా వారికి మళ్లీ దొరకలేదు.

రెండోవారు స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్. ఆయన కంపెనీ టైనీ స్పెక్ ‘గ్లిచ్’ అనే ఆన్‌లైన్ ఆటను తయారుచేసింది. ఎంతో శ్రద్ధగా, ప్రేమగా చేసిన ఆట అది. కానీ అది కంప్యూటర్ బ్రౌజర్లలో వాడే ఫ్లాష్ అనే సాంకేతికత మీద నడిచేది, జనమేమో ఫోన్లకు మళ్లుతున్నారు. 2012 నవంబరులో ఆటను మూసేస్తున్నట్టు ప్రకటించి, డిసెంబరులో ఆపేశారు. సేకరించిన సుమారు 1.7 కోట్ల డాలర్లలో ఇంకా 50 లక్షల దాకా మిగిలాయి. వాటిని తిరిగి ఇచ్చేస్తానని బటర్‌ఫీల్డ్ అన్నారు. అందులో డబ్బు పెట్టిన యాక్సెల్, ఆండ్రీసన్ హొరోవిట్జ్ సంస్థలు వద్దన్నాయి. ఇంకేదైనా చేయండి, మేం ఉంటాం అన్నాయి. ఆట తయారుచేసేటప్పుడు తమ బృందం మాట్లాడుకోవడానికి వారు ఒక పనిముట్టు కట్టుకున్నారు. అదే స్లాక్ అయింది. 2020 డిసెంబరులో సేల్స్‌ఫోర్స్ దాన్ని 2,770 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి, మొదటివారికి చూపు లేదు, రెండోవారికి దూరదృష్టి ఉంది అని తేల్చేయడం చాలా సులువు. చాలామంది అలాగే చెబుతారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఇద్దరి ముందున్న మాట ఒకటే గానీ లెక్క ఒకటి కాదు.

ఒడియో పెట్టుబడిదారులకు వచ్చిన బేరం, పెట్టిన డబ్బు పెట్టినట్టు చేతికొచ్చే బేరం. రూపాయికి రూపాయి. దారి తప్పిన కంపెనీ నుంచి అసలు మొత్తం తిరిగి రావడం ఈ వ్యాపారంలో చాలా అరుదు. టైనీ స్పెక్ వారికి వచ్చేది రూపాయికి ముప్పై పైసలు. ఇక్కడ స్టార్టప్‌లలో డబ్బు పెట్టే వెంచర్ ఫండ్ ఎలా నడుస్తుందో గుర్తుంచుకోవాలి. అలాంటి ఫండ్ సాధారణంగా పదేళ్ల కాలానికి పుడుతుంది. ఇరవయ్యో ముప్పయ్యో కంపెనీల్లో డబ్బు పెడుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఏమీ తేవు, కొన్ని పెట్టింది తెస్తాయి, ఒకటో రెండో మాత్రం మిగతా అన్నింటి నష్టాన్నీ పూడ్చి లాభం మిగులుస్తాయి. అంచేత ఫండ్ నడిపేవారికి ఒక కంపెనీలో ముప్పై పైసలు రావడానికీ సున్నా రావడానికీ పెద్ద తేడా ఉండదు. ఆ ముప్పై పైసలు వదులుకుంటే, ఇంతకుముందు ఏదో నిర్మించి చూపిన మనిషి చేతిలో ఇంకొక ప్రయత్నం దక్కుతుంది. బటర్‌ఫీల్డ్ అలాంటి మనిషే. గ్లిచ్‌కు ముందు కూడా ఆయన ఒక ఆటతోనే మొదలుపెట్టారు. ఆ ఆట నిలబడలేదు గానీ, దాని కోసం కట్టిన సాంకేతికత నుంచి ఫొటోలు పంచుకునే ఫ్లికర్ పుట్టింది. 2005లో యాహూ దాన్ని కొనుక్కుంది. యాక్సెల్ తరఫున ఆయనతో వ్యవహరించిన ఆండ్రూ బ్రాసియా అంతకుముందు యాహూలో పనిచేసినవారే. చూసి ఎరిగిన మనిషి మీద పెట్టిన నమ్మకం అది.

ఇంకొక సంగతి ఒప్పందంలోనే ఉంటుంది. వెంచర్ పెట్టుబడులు ఎక్కువగా ప్రాధాన్య వాటాల రూపంలో వస్తాయి. కంపెనీ మూతపడితే అప్పులు తీరగా మిగిలింది ముందు ఆ వాటాదారులకు వెళ్తుంది, ఆ తర్వాతే వ్యవస్థాపకులకు, ఉద్యోగులకు. అంటే ఆరోజు టైనీ స్పెక్ తాళం వేసేస్తే మిగిలిన డబ్బులో బృందానికి దక్కేది దాదాపు ఏమీ లేదు. కొనసాగిస్తేనే వారికి ఆశ. అయినా బటర్‌ఫీల్డ్ తిరిగి ఇచ్చేస్తానన్నారు. ఉద్యోగం పోయినవారి వివరాలతో ఒక పేజీ పెట్టి, కొత్త కొలువులు వెతికి పెట్టే పని చేశారు. ఇలాంటివి పెట్టుబడిదారుల లెక్కల పట్టికలో ఎక్కడా కనిపించవు. కానీ మళ్లీ డబ్బు అడిగేటప్పుడు అవే ముందు గుర్తొస్తాయని నా నమ్మకం.

వ్యాపార వ్యూహంలో వచ్చే ఈ పెద్ద మార్పును స్టార్టప్ ప్రపంచం ‘పివట్’ అంటుంది. ఈ మాటను వ్యాప్తిలోకి తెచ్చినవారు అమెరికా వ్యవస్థాపకుడు, రచయిత ఎరిక్ రీస్. మాట బాస్కెట్‌బాల్ ఆడేవారందరికీ తెలిసిందే. బంతి పట్టుకుని ఆగిన ఆటగాడు ఒక కాలు నేలకు ఆనించి, రెండో కాలితో ఎటైనా తిరగవచ్చు. ఆనిన కాలు చోటు మారితే తప్పిదం కిందికి వస్తుంది. మన చర్చల్లో తిరిగే కాలు గురించే మాట్లాడతాం. కొత్త ఉత్పత్తి ఏమిటి, మార్కెట్ ఎంత పెద్దది అని. అనుభవమున్న పెట్టుబడిదారు నేలకు ఆనిన కాలును చూస్తారు. ఇన్నాళ్ల ఖర్చులోంచి ఏది మిగిలింది? ఒక సాంకేతికతా, కస్టమర్ల తీరు మీద పట్టా, ఒక బృందమా? ఏదీ మిగలకపోతే అది మార్పు కాదు, కొత్త కంపెనీ. కొత్త కంపెనీకైతే కొత్త ధర కట్టాలి.

ఈ ఆనిన కాలు ఎలా ఉంటుందో చూడాలంటే మనకు దగ్గరి ఉదాహరణ రెడ్‌బస్. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం చేసేవారు. 2005 దీపావళికి హైదరాబాద్ రావడానికి టికెట్ దొరకక అక్కడే ఉండిపోయారు. ఆ బస్సుల్లో సీట్లు లేవని కాదు, ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒక్కచోట తెలిసే మార్గం లేదు. ఒక ఏజెంటు ఫోను చేసి ఒక ఆపరేటరును అడగాలి, ఆయన చార్టు చూసి చెప్పాలి. ఇద్దరు స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి ఫణీంద్ర మొదట తయారుచేసింది బస్సు ఆపరేటర్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్. ఆపరేటర్లు దాన్ని తీసుకోలేదు. పుస్తకంతో, ఫోనుతో వ్యాపారం నడిచిపోతుంటే కంప్యూటర్ ఎందుకు అన్నది వారి ప్రశ్న. అప్పుడు వీరు అడిగేదాన్ని తిప్పారు: సాఫ్ట్‌వేర్ వద్దు, కొన్ని సీట్లు ఇవ్వండి, మేమే అమ్మిపెడతాం. సీటు అమ్మితే ఆపరేటరుకు వచ్చేది డబ్బు. దానికి కాదనడానికి కారణం లేదు.

ఈ మలుపు బయటి పెట్టుబడి రాకముందే జరిగిపోయింది. సీడ్‌ఫండ్ అనే పెట్టుబడి సంస్థ 2007లో వచ్చేసరికి వారి ముందున్నది ఊహాపత్రం కాదు. ఒకసారి తలుపు మూసుకుంటే ఇంకొక తలుపు కనుక్కున్న బృందం, నిజంగా అమ్ముడవుతున్న టికెట్లు. తొలిదశ పెట్టుబడిదారుకు ఇలాంటి దారిమార్పు మచ్చ కాదు, సాక్ష్యం. బస్సు ఆపరేటరు మనసు వీరికి అర్థమైందన్న సాక్ష్యం. నాకు ఈ కథలో ఎక్కువ నచ్చే భాగం చివర ఉంది. టికెట్ల వ్యాపారం నిలబడ్డాక రెడ్‌బస్ ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ కూడా తెచ్చింది. మొదట ఎవరూ తీసుకోని ఆలోచన తిరిగొచ్చింది, ఈసారి తీసుకున్నారు. ఆనిన కాలు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. 2013లో ఐబిబో సంస్థ రెడ్‌బస్‌ను కొనుక్కుంది.

పెట్టుబడిదారుకు దారిమార్పు ఎప్పుడూ కంపెనీ గురించిన ప్రశ్న మాత్రమే కాదు. కొన్నిసార్లు తన గురించిన ప్రశ్న కూడా అవుతుంది. 2010లో కెవిన్ సిస్ట్రమ్ ‘బర్బన్’ అనే యాప్ కోసం 5 లక్షల డాలర్లు తీసుకున్నారు. అందులో సగం ఆండ్రీసన్ హొరోవిట్జ్‌ది. బర్బన్‌లో మనం ఎక్కడున్నామో చెప్పుకోవడం, ప్రణాళికలు పంచుకోవడం, ఫొటోలు పెట్టడం, ఇలా చాలా ఉండేవి. జనం ఫొటోల భాగమే వాడుతున్నారని గ్రహించి మిగతావన్నీ కోసేశారు. ఆ ఏడాది అక్టోబరులో అది ఇన్‌స్టాగ్రామ్‌గా వచ్చింది. ఈలోగా ఆండ్రీసన్ హొరోవిట్జ్ ఫొటోలు పంచుకునే ఇంకొక కంపెనీ, పిక్‌ప్లజ్‌కు మద్దతు ఇచ్చింది. తమ సొంత పెట్టుబడే దారి మార్చుకుని తమ ఇంకో పెట్టుబడికి పోటీ అయి కూర్చుంది. దాంతో ఇన్‌స్టాగ్రామ్ తర్వాతి విడతలో ఆ సంస్థ డబ్బు పెట్టలేకపోయింది. 2012లో ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు ఆ 2.5 లక్షలకు 7.8 కోట్లు వచ్చాయి. గొప్ప లాభమే, కానీ ఇంకా ఎంతో రావలసిన చోట అంతే వచ్చింది. మీ కొత్త దారి మీ పెట్టుబడిదారు దగ్గరున్న ఇంకొక కంపెనీ గడప మీదుగా పోతుందేమో ముందే చూసుకోవాలి. ఎంత మంచివారైనా అక్కడ వారి చేతులు కట్టేసి ఉంటాయి.

కాగితాల సంగతి కొద్దిగా చెప్పాలి. మన దేశంలో వాటాదారుల ఒప్పందాల్లో సాధారణంగా ఒక జాబితా ఉంటుంది, పెట్టుబడిదారు అనుమతి లేకుండా చేయకూడని పనులది. వ్యాపార స్వభావాన్ని మార్చడం అందులో ఉండనే ఉంటుంది. కొత్త పని కంపెనీ స్థాపన పత్రమైన మెమోరాండంలోని ఆశయాల్లో లేకపోతే, 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. ప్రజల నుంచి ప్రాస్పెక్టస్, అంటే వాటాల జారీ వివరపత్రం, ద్వారా డబ్బు తీసుకుని, అది పూర్తిగా ఖర్చు కాకముందే ఆశయాలు మార్చదలిస్తే చట్టం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఒప్పుకోని వాటాదారులకు బయటకు వెళ్లే అవకాశం కల్పించాలి. చట్టం ఇలా తేడా చూపడం వెనక న్యాయమైన ఆలోచన ఉంది. బోర్డులో కూర్చున్న ఫండ్ ప్రతినిధి మార్పును రోజూ చూస్తుంటారు. డీమ్యాట్ ఖాతాలో పది వాటాలున్న కాకినాడ ఉపాధ్యాయుడికి అది పత్రికలో చదివాకే తెలుస్తుంది.

స్టాక్ మార్కెట్ చూపు ఎంత వేరో చెప్పడానికి బ్లింకిట్ కథ సరిపోతుంది. ఇందులో ఒక దారిమార్పు లోపల ఇంకొకటి ఉంది. బ్లింకిట్ 2013లో గ్రోఫర్స్‌గా పుట్టింది. చుట్టుపక్కల దుకాణాల నుంచి సరుకులు తెచ్చి ఇచ్చేది. 2016 జనవరిలో విశాఖపట్నంతో సహా తొమ్మిది నగరాల్లో సేవలు ఆపేసింది. తర్వాత సొంత గోదాముల దారి పట్టింది. 2021లో పది నిమిషాల్లో సరుకులు అంటూ మళ్లీ తిరిగి, ఆ డిసెంబరులో పేరే మార్చుకుంది. నగరం నడుమ చిన్న చిన్న నిల్వ కేంద్రాలు, వాటి చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల పరిధి. ఖర్చు విపరీతం.

జొమాటో 2021 జూలైలో 76 రూపాయల ధరకు వాటాలు జారీచేసి మార్కెట్లోకి వచ్చింది. అప్పుడు వాటా కొన్నవారు కొన్నది భోజనాల డెలివరీ వ్యాపారం. ఏడాది తిరగకముందే, 2022 జూన్‌లో, బ్లింకిట్‌ను 4,447 కోట్ల రూపాయలకు, అదీ వాటాల రూపంలో, కొంటున్నట్టు జొమాటో ప్రకటించింది. మార్కెట్‌కు నచ్చలేదు. ఇంకా లాభం చూడని కంపెనీ, నష్టాల్లో ఉన్న ఇంకో కంపెనీని ఎందుకు నెత్తికెత్తుకోవాలి? నష్టం తేవడమే కాక, కొత్త వాటాలతో ఉన్నవారి వాటా పలచబడుతుంది కూడా. తొలి పెట్టుబడిదారులు తమ వాటాలు అమ్మకూడదన్న ఆంక్షలు తీరే రోజూ ఆ దగ్గరలోనే వచ్చింది. జూలై చివరికి వాటా ధర 50 రూపాయల కిందికి జారింది.

ఆ రోజుల్లో అమ్ముకున్నవారిని నేను తప్పుపట్టను. వారు అడిగిన ప్రశ్న సరైనదే. దానికి జవాబు మాటల్లో లేదు, అప్పటికి అంకెల్లోనూ లేదు. తర్వాత జొమాటో చేసిన మంచి పని, బ్లింకిట్ లెక్కలను విడిగా చూపడం. ఆర్డర్ల విలువ ఎంత, ఎన్ని కేంద్రాలు, ఎంత నష్టం అని త్రైమాసికం తర్వాత త్రైమాసికం. నష్టం తగ్గుతూ వచ్చి, కంపెనీ తన సొంత కొలమానం ప్రకారం 2024 మార్చి నెలలో బ్లింకిట్ నష్టం నుంచి బయటపడింది. ఆ ఏప్రిల్‌లో గోల్డ్‌మన్ శాక్స్ విశ్లేషకులు బ్లింకిట్ విలువ భోజనాల వ్యాపారం విలువను మించిందని లెక్కగట్టారు. ఆ డిసెంబరుకు వాటా 300 రూపాయల దాకా వెళ్లింది. 2025లో మాతృసంస్థ పేరు ఎటర్నల్ అయింది. పోటీ ముదిరిన ఈ వ్యాపారం రేపు ఎలా ఉంటుందన్నది వేరే చర్చ. ఇక్కడ చూడవలసింది ఒకటుంది. తొలిదశలో మనిషిని చూసి ఇచ్చే గడువును మార్కెట్ ఇవ్వదు. అంకె చూపించమంటుంది. ఆ అంకె వచ్చేదాకా తక్కువ ధర రూపంలో జరిమానా వేస్తూనే ఉంటుంది.

ఈ లెక్కలు విని, దారి మార్చడమే గొప్ప అనుకునేవారూ ఉన్నారు. 2011లో స్టార్టప్ జీనోమ్ నివేదిక, ఒకటి రెండుసార్లు దారి మార్చిన కంపెనీలు అసలు మార్చనివాటికంటే, మరీ ఎక్కువసార్లు మార్చినవాటికంటే రెండున్నర రెట్లు ఎక్కువ డబ్బు సేకరించాయని చెప్పింది. ఈ అంకెను వ్యవస్థాపకులు తమ ప్రదర్శనల్లో వాడుకుంటారు. కానీ డబ్బు సేకరించడం గెలుపు కాదు. ఫ్యాబ్ కథ అందుకు గుర్తు. జేసన్ గోల్డ్‌బెర్గ్ 2010లో స్వలింగ ఆకర్షణ ఉన్న పురుషుల కోసం ‘ఫ్యాబులిస్’ అనే సామాజిక వేదిక పెట్టారు. 2011లో దాన్ని డిజైన్ వస్తువుల అమ్మకానికి మార్చారు. అందరూ మెచ్చుకున్నారు. 2013కు కంపెనీ విలువ 100 కోట్ల డాలర్లన్నారు. వచ్చిన పెట్టుబడి 30 కోట్లు దాటింది. అప్పుడు రెండోసారి తిరిగారు, ఆర్డరు వచ్చాక తెప్పించే పద్ధతి వదిలి సరుకును ముందే కొని నిల్వచేసే పద్ధతికి. ఈసారి ఆనిన కాలే లేచిపోయింది. తక్కువ సరుకు, తక్కువ భారం అన్నదే వారి బలం. 2015లో మిగిలిన కంపెనీని పీసీహెచ్ అనే సంస్థ కొనుక్కుంది, పెట్టుబడిలో చిన్న భాగానికి.

గాలివాటం మార్పులది ఇంకో తీరు. 2017 డిసెంబరులో అమెరికాలో టీ పానీయాలు అమ్మే లాంగ్ ఐలాండ్ ఐస్డ్ టీ కంపెనీ తన పేరును లాంగ్ బ్లాక్‌చైన్‌గా మారుస్తామనగానే ఒక్క రోజులో వాటా ధర రెండింతలకు మించి పెరిగింది. తర్వాతి ఏడాది నాస్‌డాక్ స్టాక్ మార్కెట్ దాన్ని జాబితా నుంచి తొలగించింది. ఇప్పుడు పేరు చివర ‘ఏఐ’ తగిలించుకుంటున్నవారు చాలామంది. అందులో నిజంగా పని చేస్తున్నవారూ ఉన్నారు. తేడా పట్టడానికి మంచి పెట్టుబడిదారులు అడిగేది ఒకటే: ఈ మార్పు కావాలని మిమ్మల్ని అడిగింది ఎవరు, మీ కస్టమరా, పత్రికలా?

ఈ ప్రశ్నకు జవాబు ఎంత దగ్గరగా ఉండాలో నాకు మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు దగ్గర తెలిసింది. నా స్నేహితుడు ఒకడు రైతులకు ధాన్యం ధరలు చెప్పే యాప్ చేశాడు. రైతులు కోతల నెలలో పెట్టుకునేవారు, తర్వాత తీసేసేవారు. ధరల కోసం మిల్లుల చుట్టూ తిరుగుతుండగా ఒక మిల్లు యజమాని అడిగాడట, ధరలు సరే, మా కాటా చీటీలు ఫోనులో వచ్చేలా చేయగలవా అని. చేసి ఇచ్చాడు. ఇంకో రెండు మిల్లులు అడిగాయి. అప్పటికి కంపెనీ ఖాతాలో ఏడు నెలల డబ్బుంది. పెట్టుబడి పెట్టిన ఆవిడకు చెప్పడానికి భయపడి రెండు నెలలు నాన్చాడు. ఐదు నెలల డబ్బు మిగిలాక చెప్పాడు. ఆవిడ కోపం మార్పు మీద కాదు, ఆ రెండు నెలల మీద. ఏడు నెలలుంటే కొత్తదాన్ని నిలబెట్టి చూపించి మళ్లీ డబ్బు అడగవచ్చు. ఐదు నెలల్లో నిలబెట్టడం, అడగడం ఒకేసారి చేయాలి. పైగా, ఇంకేం దాచాడో అన్న అనుమానం మొదలవుతుంది. అది మొదలయ్యాక ఏ పట్టికా దాన్ని తుడవలేదు.

అయినా ఆవిడ మిల్లు చూస్తానన్నారు. నేనూ వెంట వెళ్లాను. కాటా గది కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ దాదాపు రెండు గంటలు కూర్చున్నారు. లారీ వచ్చి కాటా ఎక్కేది. గుమస్తా బరువు చూసేవాడు, తేమ శాతం అడిగి నమోదు చేసేవాడు, ఖాళీ అయిన లారీ మళ్లీ ఎక్కితే ఆ బరువు తీసేసేవాడు. డ్రైవరు కిందికి దిగేలోగా రైతు ఫోనుకు చీటీ వెళ్లేది. బల్ల కింద పాత కార్బను కాగితాల పుస్తకాలు దుమ్ముపట్టి ఉన్నాయి. నా స్నేహితుడు ఏదో వివరించబోతే ఆవిడ చేత్తో ఆగమన్నారు. గుమస్తానే అడిగారు.

“ఇది రేపు ఆగిపోతే ఏం చేస్తారు?”

“ఆ పుస్తకాలు మళ్లీ పైకి తీయాలి మేడం. రాత్రి పదింటిదాకా కూడికలు వేయాలి. పోయిన సీజన్లో రోజూ అదే పని.”

“దీనికి నెలకు ఎంత ఇస్తున్నారు?”

అతనికి తెలియదు. లోపలికి వెళ్లి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, సీజను అయిపోయేదాకా ముందే కట్టేశామని చెప్పి, రసీదు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.